గ్లోరీ పెట్టిన మందు

నయా రాయపూర్ రోడ్లు వెడల్పు, జనం తక్కువ. సైకిల్ పందేలకు అంతకంటే ఏం కావాలి? ఆ ఆదివారం పొద్దున్న సిల్తారా ఉక్కు కంపెనీ జట్టు ఎర్ర జెర్సీలు వేసుకుని అక్కడ దిగింది. ఎనిమిది మందిలో ఏడుగురు గీత దాటి, నీళ్లు తాగి, మిగిలినవి నెత్తిన పోసుకుని, ఫోటోలు కూడా దిగేశారు. ఎనిమిదోవాడి జాడ లేదు.

ఆ ఎనిమిదోవాడు గ్లోరీ మొగుడు సింహాచలం.

ఒకప్పుడు ఆ పేరు చెబితే రాయపూర్‌లో పందెం అక్కడే అయిపోయేది. మిగతావాళ్లు రెండో స్థానం కోసం తొక్కేవారు. కంపెనీ గేటు దగ్గర లారీ అంత బోర్డు మీద అతని బొమ్మ పెట్టారు, చేతులు రెండూ గాల్లోకి లేపి, నోరు తెరిచి అరుస్తున్న బొమ్మ. సిల్తారా మసికి ఆ బొమ్మలోని పళ్లు నల్లబడిపోయాయి గానీ ఇంకా దించలేదు. ఇప్పుడు అతనికి ముప్ఫై తొమ్మిదేళ్లు.

గ్లోరీ ఉప్పూ పంచదారా వేసిన నిమ్మకాయ నీళ్ల సీసా పట్టుకుని ఎండలో నిలబడింది. వెనక కంపెనీ ఆఫీసు మనుషులిద్దరు నీడలో కుర్చీలేసుకుని సమోసాలు తింటున్నారు. ఒకడు ఆమె చేతిలో సీసా చూసి రెండోవాడితో హిందీలో అన్నాడు.

"దవా బంద్ అయిపోయింది కదా. ఇంక ఇంతే. ఇప్పుడు నింబూ పానీతో బండి నడవాలి."

గ్లోరీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ నర్సు. కాకినాడ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, పుట్టింది మాత్రం రాయపూర్‌లోనే. హిందీలో తిట్టడం ఎవరి దగ్గరా నేర్చుకోవలసిన పని లేదు.

"ఏ దవా భాయీసాబ్?" అంది వెనక్కి తిరిగి. "పేరు చెప్పు. నేను నర్సుని, నాకు పేర్లన్నీ తెలుసు. గోలీయా, సూదా? చెప్పు మరి! సమోసా అడ్డమొచ్చిందా?"

వాళ్లు నసిగి, పళ్లికిలించి, మజాక్ చేశామన్నారు. అప్పటికి సింహాచలం గీత దాటాడు. మోకాలు పట్టుకుని దిగి, సీసా అందుకుని, భార్య మొహం చూసి ఏమైందని కూడా అడగలేదు. అడిగితే చెబుతుందని అతనికి తెలుసు.

అసలు ఈ దరిద్రం ఎలా మొదలైందో చెప్పాలి. రెండేళ్ల కిందట పందేల్లో మూత్రం పట్టి పరీక్షకు పంపడం గట్టిగా మొదలైంది. సింహాచలం వెనకబడడమూ సరిగ్గా అప్పుడే మొదలైంది. రెండూ ఒకేసారి వచ్చాయి, అంతే. మందిర్ హసౌద్ మలుపులో ఇసుక మీద జారిపడి మోకాలు పగలగొట్టుకున్నదీ ఆ ఏడే. ఆ సంగతి ఎవడికి కావాలి? పరీక్ష చేశారు, ఏమీ దొరకలేదు. మళ్లీ చేశారు, మళ్లీ ఏమీ దొరకలేదు. "చూశారా, ఇప్పుడు ఒంట్లో ఏమీ లేదు, అందుకే ఓడిపోతున్నాడు. అంటే గెలిచినప్పుడు ఉన్నట్టే కదా" అన్నారు. ఇంత దిక్కుమాలిన లెక్క ఎక్కడైనా ఉందా? గెలిస్తే మందు వేసుకున్నట్టు, ఓడితే మందు మానేసినట్టు. ఇక మనిషి ఏం చేసి చావాలి? పైగా పెళ్లాం నర్సాయె. సూదులు ఇంట్లోనే ఉంటాయని, రాత్రికి రాత్రి ఎక్కిస్తుందని, ఎవడి నోటికి వచ్చింది వాడు కలిపాడు.

ఇన్నాళ్లూ అది గుసగుసే. ఆదివారం పందెం మర్నాడు గుసగుస కాస్తా గొంతు పెంచుకుంది. కంపెనీలో క్రీడల వ్యవహారాలు చూసే దేవాంగన్ సాబ్ సింహాచలాన్ని పిలిచి శుక్రవారం విచారణ ఉందని చెప్పాడు. నేరం రుజువైతే గెలిచిన పందేలన్నిటిలోంచీ పేరు కొట్టేస్తారు. వచ్చే ఏడాది నుంచి ఇస్తామన్న కోచ్ ఉద్యోగం ఉండదు. గ్లోరీ మీద ఆమె ఆసుపత్రికి ఫిర్యాదు పంపుతారు. ఇరవై ఏళ్ల చెమట, ఒక నర్సు పేరు, రెండూ ఒక్క దెబ్బతో బురదలో కలుస్తాయన్నమాట.

"భార్యని తీసుకురా. మీ అమ్మగారిని కూడా తప్పకుండా తీసుకురా" అన్నాడట దేవాంగన్.

"అత్తయ్య ఎందుకు?" అంది గ్లోరీ, అన్నం వడ్డిస్తూ.

సింహాచలం పప్పు కలుపుకుంటూ పళ్లెంలోకి చూశాడు. "అమ్మే చెప్పిందట."

"ఏం చెప్పిందట?"

"నువ్వు నాకు దవా ఇస్తావని."

గరిటె గిన్నెలో పడింది. "ఎవడితో చెప్పింది?"

"నాగబాబుతో."

నాగబాబు ఇప్పుడు జట్టులో ముందుండే కుర్రాడు. తెలుగువాడే, తాతల నాడు రైల్వే పనికి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మూడు ముక్కలకి రెండు హిందీ. సింహాచలం తప్పుకుంటే జట్టు కెప్టెన్ అయ్యేది వాడే. గ్లోరీ చేతులు కడుక్కుని, స్కూటీ తీసి, మందిర్ హసౌద్‌లో వాళ్ల ఇంటికి వెళ్లింది. వాడు వాకిట్లో సైకిలు తలకిందులుగా పెట్టి గొలుసుకు నూనె వేస్తున్నాడు.

"నమస్తే భాభీ" అన్నాడు, లేవకుండా.

"నమస్తే సంగతి తరవాత. మా అత్తయ్య నీతో ఏం చెప్పింది? ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఒక్క మాట ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

నాగబాబు మొహం కాస్త ఎర్రబడింది. "నేను ఝూట్ చెప్పలేదు భాభీ. ఆ రోజు భయ్యా కోసం వచ్చాను కదా, ఆంటీ కూర్చుంది. భయ్యా ఎందుకు స్లో అయిపోయాడు ఆంటీ అని అడిగాను. ఆంటీయే చెప్పింది. మా కోడలు మందు పెట్టేసింది బాబూ, ఆ మందే లోపల్నుంచి తినేస్తోంది అని. కసమ్ సే. నేను జట్టులో అదే చెప్పాను. బహూ నే దవా దీ హై, వహీ దవా అందర్ సే ఖా రహీ హై."

గ్లోరీ ఒక్క క్షణం వాణ్ణి అలాగే చూసింది. నవ్వు రాబోయింది, దాన్ని తోసుకుని కోపం వచ్చింది.

మందు పెట్టడమంటే ఏమిటో తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. మొగవాణ్ణి వలలో వేసుకోడానికి ఆడది తిండిలో ఏదో కలిపి పెట్టిందని, అందుకే వాడు కన్నతల్లిని వదిలి దాని కొంగు పట్టుకున్నాడని, కోడలు నచ్చని అత్తగార్లు చెప్పుకునే మాట అది. ఆ మందుకి దుకాణం ఉండదు, సీసా ఉండదు, ఏ పరీక్షలోనూ దొరకదు. బంగారమ్మ ఆ మాట పద్నాలుగేళ్లుగా అంటూనే ఉంది. చేపలమ్మే ఆమెతో అంది, పాలవాడితో అంది, పక్క క్వార్టర్ల వాళ్లందరితో అంది. తెలుగువాళ్లు విని ఊరుకున్నారు. ఈ పెద్దమనిషి విని దవా చేశాడు.

"ఒరేయ్ నాగబాబూ, మందు పెట్టడమంటే దవా ఇవ్వడం కాదురా! వశీకరణం. జాదూ టోనా. నేను మంత్రం వేసి మీ భయ్యాని పెళ్లి చేసుకున్నానని ఆవిడ ఏడుపు. అర్థమైందా?"

వాడు నోరు తెరిచాడు. "మా మమ్మీ గోలీల్ని కూడా మందులే అంటుంది కదా."

"అంటుంది. సారాని కూడా మందే అంటారు, పొలంలో చల్లేదాన్నీ మందే అంటారు. మాట ఒకటే, పక్కన ఏముందో చూసుకోవాలి. ఇప్పుడు దేవాంగన్ దగ్గరికి పద. నాకు తెలుగు సరిగా రాదు, తప్పు చెప్పానని ఒప్పుకో."

నాగబాబు నూనె గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఎలా చెప్తాను భాభీ? అందరూ నవ్వుతారు. నన్ను కెప్టెన్ చేద్దామనుకుంటున్నారు. ఆంటీ వస్తుంది కదా, ఆంటీయే చెప్తుంది."

"తెలియక అన్నావనుకున్నాను ఇందాక. తెలిశాక కూడా ఊరుకుంటున్నావు చూడు, ఇది తప్పు కాదురా, ఇది పాపం" అని గ్లోరీ స్కూటీ తిప్పింది. దారి పొడుగునా లారీల దుమ్ము మొహాన కొడుతున్నా ఆమెకి తెలియలేదు. వాడి మీద కోపం సగమే. అసలు కోపం ఇంట్లో మంచం మీద కూర్చుని వక్కలు నములుతోంది.

బంగారమ్మది శ్రీకాకుళం వైపు. మొగుడు రైల్వే వ్యాగన్ షాపులో పనిచేసి పోయాడు. నలభై ఏళ్లు రాయపూర్‌లో ఉన్నా ఆవిడ హిందీ కూరగాయల బేరం దాటలేదు. ఒక్కగానొక్క కొడుకు. వాడు కులం కాని, దేవుడు కాని పిల్లని చేసుకుంటానన్న రోజు వీధి వీధంతా వినేలా ఏడ్చింది. తరవాత వచ్చి వాళ్లతోనే ఉంది. గ్లోరీ వండింది తింది, గ్లోరీ వేసిన బీపీ మాత్రలు మింగింది, కానీ కోడల్ని పేరు పెట్టి ఒక్కసారి పిలవలేదు. 'ఒసే' అంటుంది, లేదంటే గోడతో మాట్లాడుతుంది. క్రిస్మస్‌కి గ్లోరీ కేకు చేసి పళ్లెంలో పెడితే ఆ ముక్క తీసుకెళ్లి పెరట్లో కుక్కకి వేస్తుంది. గ్లోరీ ఇవన్నీ పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. ఎన్ని చూడలేదు ఆసుపత్రిలో, ఈ ముసలావిడ ఒక లెక్కా?

ఇప్పుడు లెక్కలోకి వచ్చింది.

"అత్తయ్యా, శుక్రవారం కంపెనీలో మిమ్మల్ని అడుగుతారు" అంది గ్లోరీ, వీలైనంత నెమ్మదిగా. "కోడలు మందు పెట్టిందా అని అడుగుతారు. లేదని చెప్పండి. చాలు."

"నేదని ఎందుకు సెప్తాను? ఎట్టినావు కదా" అంది బంగారమ్మ.

"అత్తయ్యా! అది మీ అబ్బాయి నౌకరీకి సంబంధించిన మాట. వాళ్లు మందు అంటే సూది మందు అనుకుంటున్నారు. మీరు ఔనంటే మీ అబ్బాయి దొంగ అయిపోతాడు, పేరు కొట్టేస్తారు. మీకు సమజ్ అవుతోందా?"

"ఏటి సమజ్? ఉన్నమాట సెప్తే దొంగైపోతాడేటి? ఒకప్పుడు నా కొడుకు గాలి నాగ ఎల్లేవోడు. ఇప్పుడు అందరికన్నా ఎనకాల ఒస్తన్నాడు. ఆ మందే తినేస్తంది ఆణ్ణి. నాకు తెల్దా?"

"నేను పెట్టడం మీరు చూశారా?"

బంగారమ్మ వక్కాకు ఊసి, మూతి తుడుచుకుని, ఎంతో శాంతంగా అంది. "నాను సూడనేదు. ఆడే సెప్పినాడు. నా కొడుకు ఆడి నోటితో ఆడే సెప్పినాడు. 'అమ్మా, నాకేటయిందో నాకే తెల్దే. ఆలింట్లో కిరస్మస్సుకి కేకు తిన్నకాణ్ణించి నా బుర్ర నా కాడ నేదు' అన్నాడు. ఇక్కడే, ఈ మంచం కాడే, నా కాళ్లట్టుకుని ఏడిసి సెప్పినాడు. అడుగు."

గ్లోరీ నెమ్మదిగా మొగుడివైపు తిరిగింది. సింహాచలం గుమ్మంలో నిలబడి ఉన్నాడు, బెల్లం కొట్టిన రాయిలా.

"అన్నావా?"

అతను వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

"సింహా, నిన్నే! అన్నావా?"

"ఆ రోజు అమ్మ కిరసనాయిలు డబ్బా పట్టుకుంది గ్లోరీ" అన్నాడు చివరికి, నేల చూస్తూ, తల్లికి వినపడకుండా. "అంటించుకుంటానంది. ఏదో ఒకటి చెప్పాలి కదా అని నోటికొచ్చింది చెప్పాను. అప్పుడు ఊరుకుంది. వాడి తప్పు లేదులే, దానిదే అంతా, అని ఊరుకుంది. తరవాత అదొక మజాక్ అయిపోయింది."

"ఎవరికి మజాక్?"

గ్లోరీ గొంతు లేవలేదు. లేస్తే బాగుండేది. అతను గోడకి ఇంకా ఆనుకున్నాడు.

"నీకు మజాక్. పద్నాలుగేళ్లు ఈ గల్లీలో నేను మంత్రగత్తెని. మా నాన్న చనిపోయిన రోజు కూడా ఆవిడ మా చుట్టాల ముందు ఆ మాటంది. నువ్వు పక్కనే ఉన్నావు, నవ్వి ఊరుకున్నావు. ముసలిదిలే, చాదస్తంలే అని నాకే నచ్చజెప్పావు. నేనేమో ఆవిడ మీద కోపం తెచ్చుకున్నాను. పాపం ఆవిడ తప్పేముంది? కన్నకొడుకు చెప్పిన మాట నమ్మింది. నాటకం ఆడింది నువ్వు! ఇక్కడ నాకు మొగుడివి, అక్కడ అమ్మకి అమాయకుడివి. రెండు చోట్లా నీ పళ్లెంలో అన్నం వేడిగానే ఉంది."

"గ్లోరీ, గట్టిగా..."

"ఇప్పుడు చెప్పు. ఇదిగో, ఇక్కడే కూర్చుంది. అబద్ధం చెప్పానమ్మా అని చెప్పు."

సింహాచలం తల్లి వైపు చూశాడు. బంగారమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. కోడలి మాటల ధాటికి ఆవిడకి సగమే అందింది, ఆ సగమూ కొడుకు నోట రానిదే నమ్మేలా లేదు. అతని పెదవులు కదిలాయి. నాలుగు వందల మంది చూస్తుండగా లారీల మధ్యనుంచి దూసుకెళ్లిన మనిషి, ఆ ముసలావిడ ముందు నోరు విప్పలేకపోయాడు.

"శుక్రవారం చెప్తాలే" అన్నాడు. "అక్కడ అందరి ముందూ ఏమీ లేదని చెప్పేస్తాను. అయిపోతుంది."

ఆ మూడు రోజులూ గ్లోరీ అతనితో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. తినేముందు అతను ప్రతి ముద్దనూ చూసుకున్నాడు, భయంతో కాదు, సిగ్గుతో.

శుక్రవారం పొద్దున్న అతను అలవాటు ప్రకారం ఎర్ర జెర్సీ వేసుకుని సైకిలు మీద సిల్తారా వెళ్లాడు. అత్తా కోడళ్లు ఆటోలో వెళ్లారు, చెరో పక్కకీ మొహాలు తిప్పుకుని. విచారణ గదిలో ఏసీ ఉంది, అయినా కిటికీ గట్టు మీద నల్లటి మసి పేరుకుపోయి ఉంది. బల్లకి అవతల దేవాంగన్, పక్కన కంపెనీ డాక్టరమ్మ. ఇవతల వీళ్లు ముగ్గురూ. పక్కన కుర్చీలో కొత్త చొక్కా వేసుకుని నాగబాబు.

"అమ్మగారికి హిందీ రాదట కదా. నాగబాబు చెప్పింది చెప్పినట్టు హిందీలో చెబుతాడు" అన్నాడు దేవాంగన్.

"వీడా?" గ్లోరీ సగం లేచింది. "అసలు ఈ గొడవంతా వీడి అనువాదమే కదా సాబ్! దొంగనే కాపలా పెడతారా?"

"మీరు కూర్చోండి సిస్టర్. మీరు చెబితే మీకు అనుకూలంగా చెబుతారు. అందుకే." అని దేవాంగన్ బంగారమ్మ వైపు తిరిగాడు. "అడుగు నాగబాబూ. కోడలు కొడుక్కి మందు ఇచ్చిందా?"

నాగబాబు అడిగాడు. బంగారమ్మ చీరకొంగు సర్దుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి పెద్ద పెద్ద ఆఫీసర్లు తన బాధ వింటున్నారు.

"ఎట్టింది బాబూ" అంది. "ఎట్టింది. నాను ఎన్నాళ్లనించో మొత్తుకుంటన్నాను, ఇనీవోడే నేకపోనాడు."

"హా బోల్ రహీ హై" అన్నాడు నాగబాబు, గ్లోరీ వైపు చూడకుండా.

దేవాంగన్ డాక్టరమ్మ వైపు ఒక చూపు చూశాడు. అయిపోయిందన్నట్టు ఉంది ఆ చూపు. గ్లోరీ మొగుడి వైపు చూసింది. అతను తన మోకాలి వైపు చూసుకుంటున్నాడు.

డాక్టరమ్మకి మాత్రం పని పూర్తి కాలేదు. "దేంట్లో ఇచ్చింది? సూదా, మాత్రా?" అంది.

"కేకులో" అంది బంగారమ్మ.

నాగబాబు ఆగాడు. "కేక్ మే... మేడమ్."

"కేకా? ఎప్పుడు?"

"పద్నాలుగేళ్లయినాది, పెళ్లికి ముందు. ఆలింట్లో కిరస్మస్సుకి. ఆ కేకు తిన్నాక నా కొడుకు నా కొడుకు కాడు. ఆలమ్మ కూడా ఒక సెయ్యేసే ఉంటాది."

అది హిందీలో చెప్పేసరికి నాగబాబు మెడ దాకా ఎర్రబడ్డాడు. డాక్టరమ్మ కాసేపు ఆపుకుంది, ఆపుకోలేక పకపకా నవ్వింది. "దేవాంగన్ జీ, ఇది వశీకరణం! మా అత్తగారు కూడా నన్ను ఇదే అనేది. పద్నాలుగేళ్ల కిందటి క్రిస్మస్ కేకుకి పరీక్ష ఎక్కడ చేయిస్తారు?"

దేవాంగన్‌కి నవ్వు రాలేదు. అందరి ముందూ వెర్రివాడు అవడం ఏ ఆఫీసరుకీ నచ్చదు. "నవ్వులాట కాదు మేడమ్. కేకు సంగతి పక్కన పెట్టండి. మందు ఇతన్ని లోపల తినేస్తోంది అందట కదా ఈవిడ. ఊరు మొత్తం అబద్ధం చెప్పొచ్చు, కన్నతల్లి కొడుకు మీద చెబుతుందా? ఏం సింహాచలం, నువ్వు చెప్పు. నీ భార్య నీకేమైనా ఇచ్చిందా?"

సింహాచలం లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "నహీ సర్" అన్నాడు హిందీలో, గబగబా. "కుఛ్ నహీ దియా. సబ్ గలత్‌ఫహమీ హై."

బంగారమ్మ ఏమన్నాడన్నట్టు అటూ ఇటూ చూసింది. ఆమెకి ఆ తొందర హిందీ అందలేదు. అతను గ్లోరీ వైపు తిరిగాడు, అంతా పొరపాటేనని చెప్పేశాను కదా అన్నట్టు.

గ్లోరీ లేచింది. ఇక ఆమెకి దేవాంగన్ కనిపించలేదు, ఏసీ గది కనిపించలేదు.

"తెలుగులో చెప్పు" అంది.

"గ్లోరీ..."

"ఈ గోడలకి కాదు, మీ అమ్మకి చెప్పు. హిందీలో నువ్వు పులివే, నాకు తెలుసు. తెలుగులో చెప్పు!"

సింహాచలం చేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. తల్లి కుర్చీ ముందు మోకాలి మీద కూర్చోబోయి, నొప్పికి మొహం ముడిచి, బల్ల పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, గ్లోరీ నాకేటీ ఎట్టనేదు."

"మరి కేకు?"

"కేకులో ఎండుద్రాచ్చలున్నాయమ్మా. అంతే. నానే దానెనక తిరిగినాను. ఆస్పత్రి గేటు కాడ ఎండలో, వానలో నిలబడినాను. అది పొమ్మంది, నాను పోనేదు. నువ్వు డబ్బా అట్టుకున్నావని బయిపడిపోయి అబద్దం సెప్పినాను. తరవాత సెప్పడానికి దైర్నం సాలనేదు."

బంగారమ్మ కొడుకు మొహం పట్టి పట్టి చూసింది. "మరి ఎందుకురా ఎనకబడిపోతన్నావు? నిన్నేటి తినేస్తంది?"

అతను చెప్పవలసింది ఒక్క మాటే. ఆ మాట ఇంతవరకు ఎవరి దగ్గరా అనలేదు. భార్య దగ్గర అనలేదు, అద్దం దగ్గర అనలేదు. దొంగ అని వాళ్లందరూ అంటున్నా పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు, ఈ మాట తన నోట రాకూడదని.

"ఏటీ తినీనేదమ్మా" అన్నాడు. "ముసిలోణ్ణయిపోనాను."

దేవాంగన్ నాగబాబు వైపు చూశాడు, ఏమన్నాడు అన్నట్టు. నాగబాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. అప్పటికి మూడేళ్లు అతని వెనక చక్రాన్నే అంటిపెట్టుకుని తొక్కడం నేర్చుకున్నవాడు వాడు.

"బుడ్ఢా హో గయా హూ, బోల్ రహే హై సర్" అన్నాడు. ఈసారి తప్పు చెప్పలేదు. తరవాత ఇంకో మాట కూడా చెప్పాడు, గలతీ తనదేనని, తనకి తెలుగు సరిగా రాదని, భాభీ చెప్పినా దాచానని. కాస్త ఆలస్యంగా చెప్పాడు వెధవ, చెప్పడమైతే చెప్పాడు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. దేవాంగన్ కుర్చీ వెనక్కి జరిపి, కిటికీలోంచి గేటు దగ్గరి బోర్డు వైపు చూసి, చివరికి అన్నాడు. "సరే. ఇక్కడితో ఖతం. పేరు ఎక్కడికీ పోదు. సింహా, జెర్సీ ఇచ్చెయ్. ఫస్టు తారీఖు నుంచి పిల్లలకి నేర్పు."

సింహాచలం తలూపాడు. గెలిచినవాడి మొహంలా లేదు అది.

బంగారమ్మ లేచింది. కొడుకు చెయ్యి అందించబోతే విదిలించి, వాడి భుజం మీద ఒక్కటి చరిచింది. చప్పుడు గదంతా వినిపించింది.

"పద్నాలుగేళ్లురా! పద్నాలుగేళ్లు ఆ పిల్ల సేతి కూడు బయిపడతా తిన్నాను. రోజూ మొదటి ముద్ద నోట్లో ఎట్టుకుని దేవుణ్ణి తల్చుకున్నాను. జరమొస్తే అదే కదా నా మంచం కాడ కూకుంది. అప్పుడు కూడా దాని సెయ్యి సూసి బయిపడినాను కదరా. నన్ను ఎంత పాపం సెయ్యించినావురా కొడకా!"

ఆ భయం సంగతి గ్లోరీకి తెలియదు. కుక్కకి వేసిన కేకు ముక్కే చూసింది గానీ, రోజూ మొదటి ముద్ద దగ్గర ఆ ముసలావిడ ఆగడం ఇన్నేళ్లలో ఒక్కసారి గమనించలేదు. మొగుడి మీద కోపం తగ్గలేదు సరికదా, అత్తగారి తరఫు వాటా కూడా వచ్చి కలిసింది.

బయట ఎండ పేలిపోతోంది. సింహాచలం సైకిలు తాళం తీసి, భార్య దగ్గరికి వచ్చి, నవ్వబోయి మానుకున్నాడు. "అయిపోయింది కదా గ్లోరీ. ఇంకా ఏంటి?"

"కంపెనీ కేసు కొట్టేసింది" అంది గ్లోరీ. "నేను కొట్టెయ్యలేదు."

అతను తల్లి వైపు చూశాడు. ఎప్పుడూ అక్కడ చోటు దొరికేది. బంగారమ్మ అతని పక్కనుంచి నడిచి వెళ్లిపోయి, ఆటో దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత గట్టిగా పిలిచింది.

"గ్లోరీ! రాయే, ఎల్లిపోదాం. ఆణ్ణి తొక్కుకుంటా రానీ."

ఆ నోట ఆ పేరు మొదటిసారి విని గ్లోరీ వెళ్లి పక్కన కూర్చుంది. ఆటో బిలాస్‌పూర్ రోడ్డెక్కింది. లారీలు, మసి, వడగాలి. కాసేపటికి బంగారమ్మ మెడ సాచి వెనక్కి చూసింది, రోడ్డు మీద ఎర్రచుక్క అంతకంతకూ చిన్నదవుతోంది.

"ఒస్తన్నాడేటే?" అంది.

గ్లోరీ వెనక్కి తిరగలేదు.

"వస్తాడు అత్తయ్యా" అంది. "నెమ్మదిగా వస్తాడు."